మానేశాక మళ్లీ ఎక్కించేది ఏది? నడక, తిండి, ఒంటి శ్రద్ధకు ఆరు ఊతాల పోలిక

బీరువా కింది అరలో, పట్టుచీరల కవర్ల అడుగున, ఒక జిమ్ రసీదు దాచాను. ఏడాదికి 12,000 రూపాయలు. నేను వెళ్లింది 19 రోజులు. రోజుకు ఎంత పడిందో మా వారు లెక్కకట్టి చెప్పారు: 631 రూపాయల చిల్లర. "ఆ డబ్బుతో రోజూ ఓ మనిషిని పెట్టి నిన్ను ప్రకాశం బ్యారేజీ దాకా తోయించేవాణ్ణి కదా" అని ఇప్పటికీ ఏడిపిస్తుంటారు.

మేం ఉండేది విజయవాడ సత్యనారాయణపురంలో. నాకు ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, పొద్దున్నే నాలుగు క్యారేజీలు. ఆ రసీదు తర్వాత ఆరేళ్లలో నడక నాలుగుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లు మానేశాను. నాలుగోది మూడో ఏడు నడుస్తోంది. ఎందుకు నిలబడిందా అని వెనక్కి తిరిగి చూసుకుంటే తెలిసిన సంగతులే ఈ పోలిక.

ఏం తినాలో, ఎంత నడవాలో తెలియనివాళ్లు మనలో తక్కువ. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు చెమట పట్టేలా కదలాలనీ, రెండు రోజులు కండరాలకు పని చెప్పాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కంచంలో సగం కూరగాయలూ పండ్లే ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. ఇవన్నీ వాట్సాప్‌లో పదిసార్లు ఫార్వర్డ్ చేసి, సాయంత్రం పునుగుల బండి దగ్గర ఆగుతాం. అందుకని ఏ డైట్ మంచిది, యోగానా ఈతా అన్న పోలిక జోలికి వెళ్లడం లేదు. పొద్దున్నే మంచం మీంచి లేపేది, రెండో గరిటె అన్నం దగ్గర చెయ్యి ఆపేది ఏదో అదే పోలుస్తున్నాను. దాన్ని మోటివేషన్ అనండి, నేను ఊతం అంటాను.

ముందు, దేంతో కొలవాలి

నా లెక్కలో సగం మార్కులు ఒకే ప్రశ్నకు: తెగాక అతుకుతుందా?

ఎందుకంటే మన ఊళ్లో తెగకుండా ఉండదు. సంక్రాంతికి ఊరెళ్తాం, అరిసెలు డబ్బాతో సహా వస్తాయి. మార్చిలో పిల్లల పరీక్షలు. ముహూర్తాలుంటే వారానికి రెండు పెళ్లిళ్లు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ, ఆరున్నరకే వీపు చురుక్కుమంటుంది. జూలైలో ముసురు. దసరాకి దుర్గమ్మ కొండ కిందంతా జనం, ఇంటినిండా చుట్టాలు. ఆపైన ఎవరికో ఒకరికి జ్వరం. ఏడాదికి ఆరుసార్లు తెగితే అదృష్టవంతులమే. మొదలుపెట్టిన రోజు ఎంత ఊపు ఉందన్నది చూసి ఊతాన్ని ఎంచుకుంటాం కదా, అక్కడే దెబ్బ తింటున్నాం. చూడాల్సింది తెగిన మర్నాడు ఏం జరుగుతుందన్నది.

దీనికి ఒక మంచి ఆధారం ఉంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కొత్త పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలాయి, కొందరికి 254 దాకా పడుతుందని అంచనా. మధ్యలో ఒక్కరోజు తప్పితే పెద్ద నష్టమేమీ కనపడలేదట. అంటే మన సమస్య తప్పిన రోజుది కాదు, ఆ తర్వాతి పదిహేను రోజులది.

మిగతా ప్రశ్నలు చిన్నవి. ఎండకూ పండక్కీ తట్టుకుంటుందా? అది నా చేతిలో ఉందా, ఇంకొకరి చేతిలోనా? ఒక్క నడకకేనా, తిండికీ నిద్రకీ కూడా పనికొస్తుందా? చివరగా ఖర్చు. దాన్ని కావాలనే చివర పెట్టాను. ఎక్కువ పెడితే ఎక్కువ పట్టుదల వస్తుందన్న భ్రమ నాకు 12,000కు వదిలింది.

ఒక్క చూపులో

| ఊతం | తెగాక | ఎండ, పండగలు | ఎవరి చేతిలో | తిండికి, నిద్రకు | ఖర్చు |
|---|---|---|---|---|---|
| రిపోర్టు భయం | మళ్లీ పరీక్ష చేయించుకునేదాకా నిద్రపోతుంది | భయం ఉన్నన్నాళ్లు తట్టుకుంటుంది | ల్యాబు, డాక్టరు | తిండికి బాగా | పరీక్షలకు |
| జిమ్ ఫీజు | కష్టం, సిగ్గు అడ్డొస్తుంది | ఏసీ ఉంటే ఎండకు ఢోకా లేదు | మనదే | దాదాపు లేదు | ఎక్కువ |
| ఫోన్‌లో అడుగులు | సున్నా చూడలేక ఫోనే చూడం | పర్లేదు | మనదే | లేదు | ఫోన్ ఉంటే చాలు |
| తోడు | వాళ్లుంటే అదే రోజు | ఎండకు బలం, పండక్కి అందరూ మాయం | పూర్తిగా వాళ్లది | తిండికి ఒక్కోసారి చెరుపు | లేదు |
| గడువున్న దీక్ష | గడువయ్యాక ఏమీ లేదు | అద్భుతం | చుట్టూ అందరిదీ | అన్నిటికీ | తక్కువ |
| ఇంటి అమరిక | దానంతటదే | బాగా | ఇంటిల్లిపాదిదీ | అన్నిటికంటే ఎక్కువ | డబ్బాలు, బూట్లు |

ఇక ఒక్కొక్కటీ. అన్నిటికీ సమానంగా చోటు ఇవ్వను, ఇవ్వక్కర్లేదు కూడా.

రిపోర్టు భయం

గుంటూరులో మా తమ్ముడు మిర్చి వ్యాపారం చేస్తాడు. 39 ఏళ్లు. ఏదో ఇన్సూరెన్స్ కంపెనీ రక్తపరీక్ష అడిగితే హెచ్‌బీఏ1సీ 6.3 వచ్చింది. ఇది గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష. 5.7 నుంచి 6.4 వరకు మధుమేహం గట్టు మీద ఉన్నట్టు, 6.5 గానీ ఆపైన గానీ వస్తే మధుమేహం. ఆ గట్టు మీద వాడొక్కడే లేడు. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త సర్వే లెక్క 2023లో వచ్చింది: దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, ఇంకో 13.6 కోట్ల మంది గట్టు మీద.

వాడు ఇంటికొచ్చి పంచదార డబ్బా పనిమనిషికి ఇచ్చేశాడు. నెలరోజులు రాగి జావ, సాయంత్రం నడక. రెండో నెలకు యార్డులో టీ మళ్లీ మొదలైంది, ముందు సగం, తర్వాత ఫుల్లు. మూడో నెలలో మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. చేయించుకోలేదు. ఎందుకురా అంటే, "ఎక్కువొస్తే టెన్షన్ కదక్కా" అన్నాడు. భయంతో వచ్చే చిక్కు ఇదే. ఏ పరీక్షకు భయపడి మొదలుపెట్టామో ఆ పరీక్షనే తప్పించుకుంటాం.

అయినా దీన్ని తీసిపారేయను. తిండి విషయంలో ఇంత గట్టిగా పట్టేది ఇంకోటి లేదు. వాడే ఇప్పుడు ఏం చేస్తున్నాడంటే, మూడు నెలలకోసారి పరీక్ష తేదీని మా మరదలికి అప్పజెప్పాడు. ఆవిడ గ్యాస్ బుక్ చేసినట్టు బుక్ చేస్తుంది, వాణ్ణి అడగదు. మొదలుపెట్టడానికి భయం, కొనసాగడానికి కేలెండర్. ఒక్క మినహాయింపు: రోజుకు ఐదారుసార్లు వేలు పొడుచుకుని గ్లూకోమీటర్ చూసుకునే స్వభావం ఉంటే ఈ ఊతం వద్దు. అలాంటివాళ్లకు భయం ఇప్పటికే ఎక్కువైంది.

జిమ్ ఫీజు

నాది విడ్డూరమేమీ కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో ఇద్దరు ఆర్థికవేత్తలు జిమ్ సభ్యుల హాజరు లెక్కలు తీసి 2006లో ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టేవాళ్లు సగటున నెలకు 4.3 సార్లే వెళ్లారు. వెళ్లినప్పుడల్లా పడింది 17 డాలర్లకు పైనే. అదే జిమ్‌లో పదిసార్ల పాస్ కొంటే ఒక్కోసారికి పది డాలర్లే పడేది. డబ్బు కడుతున్నది మొదటి వారంలో ఉన్న మనిషి. వెళ్లాల్సింది ఐదో నెలలో ఉన్న మనిషి. ఇద్దరూ వేరు.

నేను ఆగిపోయింది సంక్రాంతి దగ్గర. పది రోజుల తర్వాత వెళ్తే కోచ్ అందరి ముందూ, "ఏంటి మేడమ్, అరిసెలు బాగా లాగించారా" అన్నాడు. సరదాగానే అన్నాడు పాపం. మర్నాడు నేను వెళ్లలేదు. ఆ మర్నాడు వెళ్తే రెండు రోజులు ఎందుకు రాలేదని అడుగుతాడని వెళ్లలేదు. అంతే.

జిమ్‌కి నేను వ్యతిరేకం కాదు. నలభై దాటిన ఆడవాళ్లకు బరువులెత్తడం అవసరం, అది నడకలో రాదు. మే నెలలో ఏసీ హాలు కంటే మంచి చోటు మన ఊళ్లో లేదు. పాతికేళ్ల కుర్రాళ్లకు అద్దంలో కనపడే మార్పే పెద్ద ఊతం. వెళ్లేవాళ్లకు నాకున్న సలహా రెండే. ఏడాదికి కడితే సగం తగ్గిస్తామన్నా నెలకే కట్టండి. ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారిలో ఉన్నదే చూడండి. ఒకసారి ఇంటికొచ్చి చెప్పులు విప్పాక మళ్లీ బయల్దేరేవాళ్లను నేను చూడలేదు.

ఫోన్‌లో అడుగులు

మూడు వారాలు బాగుంటుంది. తర్వాత రాత్రి పదింటికి హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, నిద్రపోయే పిల్లల్ని తొక్కుకుంటూ పదివేలు పూర్తిచేయడం దాకా వస్తుంది. ఆ పదివేలు ఏ డాక్టరూ తేల్చిన లెక్క కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన అడుగుల మీటరు పేరే 'పదివేల అడుగుల మీటరు', అక్కణ్ణుంచి పాకింది. సగటు వయసు 72 ఉన్న అమెరికా మహిళల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో, 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లకే మరణాల ముప్పు తక్కువగా కనపడింది. 7,500 దాటాక అదనపు లాభం కనపడలేదు. అత్తయ్యగారికి ఈ ముక్క చెప్తే ఆవిడ మొహం వెలిగింది. లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకు ఇది బావుంటుంది, మిగతావాళ్లకు గోడ గడియారం చాలు.

తోడు

పక్క వాటా వదిన గేటు గొళ్లెం తీసిన చప్పుడు నాకు అలారం కంటే బాగా వినిపిస్తుంది. ఐదూ ఇరవై. ఆ చప్పుడయ్యాక పడుకుని ఉంటే తప్పు చేసినట్టు ఉంటుంది. బీఆర్‌టీఎస్ రోడ్డు మీద చీరల మీద బూట్లేసుకున్న అమ్మలు, చెవిలో పాటలు పెట్టుకున్న రిటైర్డు మాస్టార్లు, మధ్యలో మా ఇద్దరి గొడవ: ఆవిడకు కోడలి సంగతులు, నాకు ఆఫీసు సంగతులు. నలభై నిమిషాలు ఎప్పుడు అయ్యాయో తెలిసేది కాదు. ఈ సుఖం ఏ యాపూ ఇవ్వదు.

మూడోసారి నేను నడక మానేసింది ఈ సుఖం వల్లే. వదిన కూతురి పురిటికి బెంగళూరు వెళ్లింది. మూడు నెలలు. మొదటి రోజు ఒక్కదాన్నే వెళ్లాను, ఎంతకీ రోడ్డు తరగలేదు. రెండో రోజు వెళ్లలేదు. నడక నాది అనుకున్నాను గానీ అది ఆవిడది, నేను వెంట వెళ్తున్నానంతే.

అందుకే తోడు ఎంచుకునేవాళ్లు ముగ్గురికి తగ్గకుండా చూసుకోండి. ఒకరి కోసం ఐదు నిమిషాలకు మించి ఆగకూడదని ముందే అనుకోండి. మర్యాదకు ఆగడం మొదలైతే గ్రూపు నెలలో చెదిరిపోతుంది. ఇదే ఊతం ఇంకా గట్టిగా కావాలంటే షటిల్. డబుల్స్‌కు నలుగురు కావాలి, ఒకరు రాకపోతే మిగతా ముగ్గురూ ఫోన్ చేసి తిడతారు. మా వారు మోకాలు నొప్పి ఉన్నా వెళ్లేది ఆ తిట్లకు భయపడే. పైగా అది ఆట, గెలవాలని ఉంటుంది. వ్యాయామం చేస్తున్నామన్న సంగతే గుర్తుండదు. నడక బోరు అనేవాళ్లు ముందు ఇటు చూడండి. మోకాళ్లు బాగాలేనివాళ్లు మాత్రం మా వారిలా మొండికేయకండి.

ఇంకో చిన్న హెచ్చరిక. నడక గ్రూపు ఏదో ఒకరోజు టిఫిన్ గ్రూపు అవుతుంది. నెయ్యి కారప్పొడి ఇడ్లీ దగ్గర ఆగడం ఆదివారాలకే పరిమితమైతే ఫర్వాలేదు.

గడువున్న దీక్ష

ఈ ఊళ్లో దీన్ని వదిలేసి మోటివేషన్ గురించి మాట్లాడితే తప్పే. కార్తీకం వచ్చిందంటే వీధికి పదిమంది మాల వేస్తారు. ఎర్ర బట్టల్లో భవానీలు, నల్ల బట్టల్లో అయ్యప్ప స్వాములు. 41 రోజులు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, రాత్రికి అల్పాహారం, నేల మీద పడక, మందూ సిగరెట్టూ మాంసం బంద్. ఇరవై ఏళ్లుగా పెట్టె సిగరెట్లు లాగే మనిషి ఆ 41 రోజులూ ఒక్కటి ముట్టడు. ఏ డాక్టరు చెప్పినా వినని మనిషి.

అది ఎలా సాధ్యమవుతోందో గమనించాను. భక్తి మొదటి కారణం, దాన్ని కొలిచే పని నాది కాదు. దాని చుట్టూ ఉన్న ఏర్పాటు మాత్రం ఎవరికైనా కనపడుతుంది. మాల వేసిన క్షణం నుంచి పేరు మారిపోతుంది. పిల్లలు కూడా స్వామీ అనే పిలుస్తారు. టీ కొట్టువాడు సిగరెట్ ఇవ్వడు. పెళ్లిలో ఎవరూ "ఒక్క ముక్క తినండి, ఏం కాదు" అనరు. ఇంట్లో వంట మారుతుంది, మంచం మారుతుంది, ఒంటి మీద బట్ట రోజంతా గుర్తుచేస్తూ ఉంటుంది. మనం షుగర్ ఉంది, స్వీటు వద్దంటే చేతిలో పెట్టి మరీ తినిపించే చుట్టాలే, స్వామికి వద్దంటే చేతులు జోడిస్తారు. పట్టుదల ఒక్కడిది కాదు, ఊరంతా కలిసి మోస్తోంది.

మరి ఇరుముడి సమర్పించి మాల తీశాక? చాలామందికి ఆ వారంలోనే అన్నీ తిరిగొస్తాయి. పైన చెప్పిన లెక్క గుర్తుచేసుకోండి: మండలం 41 రోజులు, అలవాటుకు మధ్యస్థంగా 66. మాల తీసేనాటికి అలవాటు ఇంకా పచ్చిగానే ఉంటుంది, మోసే చేతులన్నీ ఒక్కసారిగా దిగిపోతాయి. పెళ్లికూతురి డైట్, కొత్త సంవత్సరం ఛాలెంజ్, పదికిలోమీటర్ల పరుగు, అన్నిటిదీ ఇదే కథ. పరుగు అయ్యాక పతకం గోడకు, బూట్లు అటక మీదకు.

దీక్ష మొదలుపెట్టడానికి ఎంచుకోండి, సందేహం లేదు. కానీ మాల తీసిన మర్నాటికి ఏం మిగలాలో మాల వేసిన రోజే తేల్చుకోవాలి. మా పెదబావగారు అలాగే చేశారు. 41 రోజుల్లో ఒక్కటే ఎంచుకున్నారు, రాత్రి అన్నం బదులు అల్పాహారం. మాల తీశాక సిగరెట్ మళ్లీ వచ్చింది, రాత్రి ఇడ్లీ మాత్రం ఇంకా ఉంది. నెలనెలా వచ్చే గడువు ఇంకా మంచిది. పౌర్ణమికి ఇంద్రకీలాద్రి గిరి ప్రదక్షిణ చేసేవాళ్లకు ఒక నెల తప్పినా వచ్చే పౌర్ణమి ఎలాగూ వస్తుంది.

ఇంటి అమరిక

మొదట ఇది ఊతంలాగే కనపడదు. ఇందులో ఉత్సాహం లేదు, ఫొటో పెట్టుకోవడానికి ఏమీ లేదు. పెట్టాల్సిన వస్తువు పెట్టాల్సిన చోట ఉండటం, చేయాల్సిన పని ఎప్పుడూ తెగని ఇంకో పనికి కట్టేసి ఉండటం, అంతే.

మా ఇంట్లో ఎప్పుడూ తెగని పని పాలు. జ్వరమొచ్చినా, పండగొచ్చినా ఐదున్నరకు కింద బూత్ నుంచి పాల ప్యాకెట్లు రావాల్సిందే. ఆ పని మా వారిది. నేను అడిగి తీసుకున్నాను. కిందకు ఎలాగూ దిగాను కాబట్టి ప్యాకెట్లు వాచ్‌మన్ గది కిటికీలో పెట్టి నడక మొదలుపెట్టొచ్చని ప్లాను. మొదటి వారం ఫెయిల్. ఎందుకంటే పాలకు నైటీ మీద చున్నీ వేసుకుని వెళ్తాం. నైటీతో మెయిన్ రోడ్డు ఎక్కలేం కదా. బట్టలు మార్చుకోవడానికి పైకి వస్తే పైనే ఉండిపోతాను. రెండో వారం నుంచి రాత్రి చుడీదార్‌తోనే పడుకున్నాను, బూట్లు గుమ్మం పక్కన. నా మూడేళ్ల నడక ఆ చుడీదార్ మీద నిలబడి ఉంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా ఆడపడుచు కుటుంబం మా ఇంటికొచ్చింది. పన్నెండు రోజులు. హాలంతా పరుపులు, రోజుకు మూడుసార్లు పదకొండు మందికి వంట. నడక మాట ఎత్తే పరిస్థితి కాదు. పాలకు మాత్రం రోజూ దిగాను, రెండు ప్యాకెట్ల బదులు ఆరు. వాళ్లు ఇల్లు కడుక్కోవడానికి వెళ్లిన మర్నాడు కిటికీలో ప్యాకెట్లు పెట్టి రోడ్డెక్కేశాను. మళ్లీ మొదలుపెట్టాలని అనుకోలేదు కూడా. వెనకటి మూడుసార్లూ ఇంతకంటే చిన్న అడ్డంకికే ఆగిపోయాను.

తిండికి ఈ పద్ధతే ఎక్కువ పనిచేసింది. కంచం దగ్గర పట్టుదల నాకు లేదు, ఉందని అబద్ధం చెప్పను. ముద్దపప్పు, ఆవకాయ, వేడన్నం ముందు పెట్టుకుని ఎవరు లెక్కపెడతారు? కాబట్టి లెక్క కుక్కర్ దగ్గర మార్చాను. ఐదుగురికి పోసే బియ్యంలో ఒక కప్పు తగ్గించి, ఆ పూట కూర ఒకటికి రెండు చేశాను. అన్నం గిన్నె బల్ల మీదకు రాదు, కూరల గిన్నెలు వస్తాయి. మారు అన్నం కావాలంటే లేచి వెళ్లాలి. ముందు కూరా పప్పూ కొంచెం తిని తర్వాత అన్నం కలుపుకుంటే తిన్నాక షుగర్ అంత ఎగరదు. తమ్ముడికి ఇది బాగా కలిసొచ్చింది.

ఉప్పు లెక్క ఇంకా సులువు. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఐదుగురికీ పెద్దవాళ్ల లెక్కే వేసినా నెలకు 750 గ్రాములు. మా ఇంట్లో కిలో ప్యాకెట్ 25 రోజులకు అయిపోయేది, ఆవకాయ జాడీలో ఉప్పు అందులో కలపలేదు. ఇప్పుడు ప్యాకెట్ కత్తిరించిన రోజు దాని మీదే పెన్నుతో తేదీ రాస్తాను. నెల దాటించడం అత్తయ్యగారికీ నాకూ పందెం అయింది.

ఇక మిగిలినవి. పిల్లలు వదిలిన ఇడ్లీ ముక్క, గిన్నె అడుగున రెండు గరిటెల పులిహోర, పారబోయలేక నోట్లో వేసుకునేది మనమే. నా బరువులో ఎంత భాగం ఇదో నాకు తెలుసు. భోజనానికి ముందే ఒక స్టీలు డబ్బా బల్ల మీద పెట్టడం మొదలుపెట్టాను. మిగలగానే డబ్బాలోకి, అక్కణ్ణుంచి ఫ్రిజ్‌లోకి. నా పొట్ట డబ్బా కాదని పిల్లలకు తెలియడానికి నెల పట్టింది.

ఒంటి శ్రద్ధ అనగానే మనలాంటి ఆడవాళ్లకు ఇబ్బంది. నా కోసం అరగంట అంటే దొంగతనం చేసినట్టు ఉంటుంది. అడిగి తీసుకుంటే రోజూ అడగాలి. అందుకని ఇంటి టైం టేబుల్లోనే పెట్టేశాం. అత్తయ్యగారి బీపీ మాత్ర ఎనిమిదింటికి ఎలాగో, నా టిఫిన్ ఎనిమిదింటికి అలాగే, ఆవిడ పక్కన కూర్చుని. మిగతావాళ్లందరూ తిన్నాక నిలబడి తినడం ఆగిపోయింది. ఫోన్ ఛార్జర్లన్నీ హాల్లోకి మారాయి, దాంతో నిద్ర అరగంట ముందుకు జరిగింది. పిల్లలు పదిహేను రోజులు అలిగారు.

దీనికో లోపం ఉంది. ఇల్లు మన మాట వినాలి. వండేది ఒకరు, తినేది ఇంకొకరు, సరుకులు తెచ్చేది మూడోవారు అయిన ఇంట్లో ఒక్కరే ఏదీ మార్చలేరు. పొంగల్‌లో నెయ్యి తగ్గిందని మా వారు నెల రోజులు మొహం మాడ్చుకున్నారు. ఆయన షటిల్ జోలికి నేను వెళ్లను, నా వంటింటి జోలికి ఆయన రారు అని రాజీ.

ఎవరికి ఏది

హాస్టల్లోనో రూములోనో ఉండి మెస్‌లో తినే పిల్లలకు ఇంటి అమరిక కుదరదు, వంటిల్లే వాళ్లది కాదు. తోడు, నెల నెలా కట్టే జిమ్ మంచివి. మెస్‌లో చేయగలిగింది ఒకటుంది: కూర రెండోసారి అడగడం, అన్నం రెండోసారి అడగకపోవడం.

షాపులవాళ్లు, రాత్రి పదింటికి షట్టర్ దించి పదకొండింటికి భోంచేసేవాళ్లు పొద్దున్నే నడవాలని పంతం పట్టకండి, నిద్ర పోతుంది. తిన్నాక పది పదిహేను నిమిషాల నడక షుగర్‌కు మేలే చేస్తుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత షాపులోనే, రాత్రి భోజనం తర్వాత వీధిలో. ఒకేసారి అరగంట ఉండాల్సిన పని లేదు, కదిలిన ప్రతి నిమిషమూ లెక్కేనని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది.

రిటైరైనవాళ్లకు తోడును మించింది లేదు. రాఘవయ్య పార్కులో కూర్చునే బెంచీ కోసమైనా వెళ్లాలనిపిస్తుంది. చంటిపిల్లల తల్లులు ఈ ఏడాదికి ఏ ఊతమూ వెతక్కండి. టైముకు తినడం, దొరికినప్పుడు పడుకోవడం, అదే వ్యాయామం.

ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లు తిండి తగ్గించినా నడక పెంచినా ముందు డాక్టరుకు చెప్పండి. మందు మారకుండా అన్నం మారితే షుగర్ పడిపోవచ్చు. నడుస్తుంటే ఛాతీలో పట్టేసినట్టు ఉన్నవాళ్లు రేపు నడకకు వెళ్లకండి, డాక్టరు దగ్గరకు వెళ్లండి.

రెండు కలుపుకుంటే ఎలా అని అడుగుతారేమో. కలుపుకోండి, కానీ కింద అమరిక ఉండాలి, పైన ఏదైనా సరే. నాకు కింద పాలు, పైన వదిన. ఇది రాస్తున్న వారంలోనే గుంటూరులో పెళ్లి, మూడు రోజులు తెగింది, బూరెలు ఎన్ని తిన్నానో లెక్కలేదు. ఇవాళ పాలకు దిగి, ప్యాకెట్లు కిటికీలో పెట్టి రోడ్డెక్కేసరికి వదిన అప్పటికే రెండో రౌండులో ఉంది. "పెళ్లిలో ఏం పెట్టారు" అంటూ నా పక్కకు వచ్చింది.